వడిసెల దించిన ఉదయం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడొక ఆఫీసులో గుమాస్తాను. మా పై అధికారి మద్రాసు నుంచి వచ్చినాయన. ఆయనకు పక్షులంటే ప్రాణం. వచ్చిన కొత్తలోనే ఊళ్లో కొందరిని పోగుచేసి ఒక పక్షుల సంఘం పెట్టాడు. అందులో ఉన్న చర్చి బడి హెడ్మాస్టరుగారు ఆదివారం ప్రార్థన మానరు కనుక, మిగతా సెలవు రోజుల్లో తుంగభద్ర ఒడ్డు వెంట తిరిగేవాళ్లం. అందరికీ కలిపి ఒకటే దుర్భిణి, అదీ అధికారిదే. అది నా చేతికి అందరికన్నా చివర వచ్చేది. అప్పటికి పిట్ట ఎగిరిపోయి ఉండేది.

నాకు దాని బాధ లేదు. నేను చేరింది పిట్టల కోసం కాదు, ఆయన కంట్లో పడడం కోసం.

దసరా వెళ్లాక, ఎక్కడో వాయవ్య దేశాల నుంచి పిచ్చుకంతేసి పిట్టలు మందలుగా మా సీమకు దిగుతాయి. మగదానికి తల నల్లగా, పొట్ట పసుపు పూసినట్టు ఉంటుంది. మా ఊళ్లో వాటిని జొన్న పిట్టలంటాం. అవి ఆకాశంలో పోతుండగా చూశానే గానీ మంద మొత్తం ఒకచోట వాలడం ఇంతవరకూ చూడలేదని అధికారి ఒకరోజు అన్నాడు. మా అన్న చేలో చూపిస్తానని వెంటనే మాటిచ్చేశాను.

తెలియక ఇచ్చానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. చిన్నప్పుడు నేనూ మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి ఆ పిట్టల్ని తోలినవాణ్ణే. పాలకంకి మీద మంద ఒక్కసారి నిమ్మళంగా కూర్చుని రుచి మరిగిందంటే, మర్నాడు ఎంత అరిచినా ఆ చేను వదలదు. మొదటి రోజే వాలనివ్వకూడదని మా నాయన పదేపదే చెప్పేవాడు. పైగా ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చుట్టుపక్కల తొలకరికి వేసిన ముంగారి జొన్నంతా మాడిపోయింది. వాగు పక్కనుండబట్టి అన్న చేనొక్కటి నిలబడింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే.

డోన్ రైల్లో ముందురోజే వెళ్లి, పొద్దున గంటసేపు పిట్టల్ని తోలవద్దని అన్నను అడిగాను. అన్న వదిన వైపు చూశాడు. వదినే అంది.

"నువ్వు ఈడ పుట్టినోడివే గదప్పా. పిట్టను తోలొద్దనేటోడు యాడన్నా ఉంటాడా?"

గంటకు ఏం మునిగిపోదని నవ్వాను. ఆయన తలుచుకుంటే నాకు ప్రమోషన్ వస్తుందని కూడా చెప్పాను. దానికి అన్న మెత్తబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే సంఘం వాళ్లు వచ్చారు. అన్న మంచె దిగి, అధికారికి దండం పెట్టి, వడిసెల చేత్తో పట్టుకుని గట్టున నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నన్ను ఒరే అని పిలిచినవాడు, ఆ రోజు వాళ్లతో కలిపి "మీరు" అన్నాడు.

మొదట నాలుగు పిట్టలు వచ్చి కంకుల మీద ఊగి చూశాయి. ఎవరూ అదిలించలేదు. ఆ తర్వాత మందంతా ఒక్కసారిగా దిగింది. చేను పసుపెక్కింది. కంకులు బరువుకు వంగాయి. గింజలు చిట్లే సన్నని చప్పుడు చేనంతటా నిండిపోయింది. అధికారి చాలాసేపు చూసి, దుర్భిణిని మొట్టమొదట నా చేతిలో పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే అన్న కనిపించాడు. అతని వేళ్లు వడిసెల తాడుకు ముడి వేస్తున్నాయి, విప్పుతున్నాయి. నేను అద్దాన్ని మళ్లీ పిట్టల మీదికి తిప్పుకున్నాను.

గంట కాస్తా పొద్దెక్కేదాకా సాగింది. అన్న నా వెనక్కి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "చాలేమో గదరా. శానా దిగినాయి" అన్నాడు. తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాను.

ఆ తర్వాత రోజూ మంద వచ్చిందట. వదినా పిల్లలూ డబ్బాలు వాయించినా, అన్న రోజంతా రాళ్లు విసిరినా లేవలేదట. పట్నానికి వచ్చిన ఊరాయన చెప్పాడు. విని కూడా నేను వెళ్లలేదు. ఆఫీసులో అప్పుడే నా పేరు పైకి పంపారు.

కోతలయ్యాక, ఏటా పంపినట్టే, అన్న మా ఇంటికి జొన్నల మూట పంపాడు. అప్పుడు మాత్రం ఉండబట్టలేక దాన్ని బండిలో వేసుకుని ఊరికి పోయాను. వదిన మూటను చూసి గుమ్మంలోనే నిలబడింది.

"కల్లంలో ముందు మీ మూటే కట్టినాడు. ఏందిది అంటే, వాడు పట్నంలో కొనుక్కోవల్ల గదా అంటాడు. నాకేం తెలుసు, మీ అన్నదమ్ముల సంగతి."

అన్న పొలం నుంచి వచ్చాడు. తప్పయిందని చెప్పాలని దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. మూటను బండి మీంచి దించబోయాను.

"ఆ పని అయిందేమిరా నీకు?" అని అన్నే అడిగాడు.

అయిందన్నాను.

"అట్లయితే సరే" అన్నాడు. మూట దించనివ్వలేదు.

దాన్ని మళ్లీ కర్నూలుకే తెచ్చుకున్నాను. ఎండాకాలమంతా మా ఇంట్లో ఆ జొన్నరొట్టెలే. నేను తిన్నాను. ఆ నెలల్లో అన్న ఇంట్లో ఏం తిన్నారో అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే, చెప్పేవాళ్లిద్దరూ లేరు.