బావిలో మొరాయించిన ఇంజన్

మా అత్తగారి ఊరు బోధన్‌కు రెండు కోసుల దూరం. చెరుకుకు నీళ్ళు పెట్టే బావి మొదట మోటబావి. మామ జ్వరంతో పోయిన మరుసటి ఏడు మా ఆయన డీజిల్ ఇంజన్ కొన్నాడు. నీళ్ళు లోతుకు పోయాయి, గట్టు మీద పెడితే అందవు. అందుకని బావి లోపల సగం లోతులో రాయి తొలిపించి, అరుగు కట్టించి, ఇంజన్ను అక్కడికి దింపించాడు. పొగగొట్టం పైదాకా ఉండేది. అయినా అత్త మోట గిలకను, మోకును తీయనివ్వలేదు. యంత్రాన్ని ఆమె నమ్మలేదు.

ఆ ఏడు ఆషాఢంలో కురిసిన వానలు శ్రావణంలో మొహం చాటేశాయి. చెరుకు ఆకు కొసలు ఎండుతున్నాయి. చాలా రోజులుగా ఆగి ఉన్న ఇంజన్ను నడిపిద్దామని మా ఆయన పొద్దున్నే బావిలోకి దిగాడు. నేను, అత్త గట్టు మీద ఉన్నాం. మబ్బు కమ్మింది కానీ గాలి లేదు. ఎప్పుడూ గలగలమనే చెరుకుతోట చప్పుడు చేయకుండా నిలబడి ఉంది. బావి గోడ సందుల్లో కాపురముండే పావురాళ్ళు ఒక్కటీ కనిపించలేదు. లోపలి నుంచి పులిసిన కుడితి వాసన వస్తోంది.

ఇంజన్ అంటుకోలేదు. హ్యాండిల్ తిప్పిన చప్పుడు, రెండుసార్లు డుగ్గు డుగ్గు, మళ్ళీ నిశ్శబ్దం.

"డీజిల్ ఉందా?" అని పైనుంచి అడిగాను.

"నిండుగున్నది. పైపుల గాలి పట్టిందేమో, సూస్త."

పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిల్ కారనిచ్చాడు. డీజిల్ వడగట్టే జాలీ తీసి తుడిచాడు. మళ్ళీ తిప్పాడు. లోపల డీజిల్ చిమ్మినప్పుడు వినబడే కిర్రుమనే చప్పుడు పైనున్న నాకూ తెలిసింది. అంటే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా అది రెండు ముక్కలు మాట్లాడి నోరు మూసుకుంది.

ఆయన రొప్పడం పైకి వినిపిస్తోంది. హ్యాండిల్ బరువుది కదా అనుకున్నాను. "పైకొచ్చి జర కూసోరాదు" అన్నాను. కాసేపటికి నవ్వాడు. ఆ నవ్వు ఆయనది కానట్టు ఉంది.

తర్వాత చాలా మామూలుగా అన్నాడు: "బాపూ, జర జరుగు. హ్యాండిల్ తగుల్తది."

ఆయన బాపు అని పిలిచేది పోయిన మామనే. నేను అత్త వైపు చూశాను. ఆమె కూడా విన్నది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని అరిచాను.

"నువ్వెప్పుడు దిగినవ్ బాపూ?" అంటున్నాడు ఆయన. నాతో కాదు.

లోపల మసకగా ఉంది. కొట్టంలోని కందిలి తెచ్చి, వెలిగించి, తాడు కట్టి దింపాను. అరుగు దగ్గరికి వచ్చేసరికి మంట పచ్చబడి, చిన్నదై, ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు. గాలి లేదు. పైకి లాగి మళ్ళీ వెలిగించి దింపాను. సరిగ్గా అక్కడే మళ్ళీ ఆరింది. ఆ రెండు క్షణాల వెలుతురులో ఆయన ఇంజన్‌కు ఒరిగి, ఎదురుగా ఉన్న ఖాళీ మూలకేసి తల ఊపుతూ కనిపించాడు.

నేను మెట్ల వైపు ఉరికాను. అత్త నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"దిగినవంటే ఇద్దరు పోతరు. ఎద్దులను తోలుకరా!"

ఎద్దులు అక్కడే గడ్డి మేస్తున్నాయి. మోకు ఒక కొసను కాడికి కట్టాం. రెండో కొసకు ఉరి వేసి గిలక మీదుగా దింపాం. అది ఆయన భుజానికి తగిలి ఊగుతోంది. ఆయన దాన్ని చూడనే లేదు. నేను బతిమాలాను, ఏడ్చాను. అప్పుడు అత్త గట్టు అంచున బోర్లా పడుకుని గొంతు చించుకుంది:

"కొడకా! ఎద్దు బాయిల పడుతున్నది! మోకు పట్టు, చేతికి సుట్టు!"

ఆ అబద్ధానికి ఆయన నిద్రలోంచి లేచినట్టు ఉలికిపడ్డాడు. ఉరిలోకి చెయ్యి, తల దూర్చి, రెండు చేతులా మోకు బిగించి పట్టుకున్నాడు. నేను ఎద్దులను అదిలించాను. గిలక కిర్రుమంటూ ఆయనను పైకి తెచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. గట్టు మీద వాంతి చేసుకుని, తల పట్టుకుని సాయంత్రం దాకా పడుకున్నాడు.

మర్నాడు బోధన్ నుంచి ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ వచ్చాడు. సాయబుల ఆయన, పెద్దవయసు. సంగతంతా చెప్తే వెంటనే దిగలేదు. కందిలి దింపి, అది ఆరడం చూసి తల పంకించాడు. గట్టు మీద పోగేసిన చెరుకు ఆకు వానలకు జారి బావిలో పడి కుళ్ళిందనీ, దాని ఆవిరి మంచి గాలిని పైకి నెట్టి అడుగున కూర్చుందనీ చెప్పాడు.

"ఇంజన్‌ల ఖరాబీ ఏం లేదమ్మా. దానికి హవా దొరకలేదు. మీ ఆయనకూ దొరకలేదు."

వేపకొమ్మలు మోపు కట్టి తాడుతో దింపుతూ లాగుతూ మధ్యాహ్నం దాకా గాలిని కలియబెట్టించాడు. కందిలి ఆరకుండా వెలిగాకే దిగాడు. ఇంజన్ మొదటి తిప్పుకే అంటుకుంది. కుళ్ళిన ఆకు తర్వాత గంపలతో తోడించాం.

అత్త మిస్త్రీ చెప్పిందంతా విన్నది, అర్థం చేసుకున్నది. రాత్రి కొడుక్కి జొన్నరొట్టె పెడుతూ మెల్లగా అడిగింది:

"మీ బాపు ఏం తొడుక్కున్నడురా?"

ఆయన రొట్టె తుంచడం ఆపాడు. "అంగీ లేదవ్వా. ధోతే. సలి పెడుతుందన్నడు."

ఆమె మర్నాడు పొద్దున పెట్టెలోంచి మామ గొంగడి తీసి, ఎవరితోనూ చెప్పకుండా తీసుకెళ్ళి బావి గట్టున పరిచి వచ్చింది.

ఆ ఏడు చెరుకు నిలబడింది. మా ఆయన మాత్రం చాలాకాలం ఆ బావిలోకి దిగలేదు. కరెంటు మోటారు వచ్చేదాకా ఇంజన్ పెట్టడం, ఆపడం నా పనే అయింది. కందిలి ముందు దింపకుండా ఒక్కనాడూ దిగలేదు. గాలి విషయం మిస్త్రీ చెప్పాడు, నేను నమ్మాను. కానీ ఇంజన్ ఆపాక చెవుల్లో మోత తగ్గుతుండగా, పెద్దలున్న ఇంట్లోంచి కోడలు తప్పుకున్నట్టు కొంగు సర్దుకుని, ఆ మూలకేసి చూడకుండా మెట్లెక్కి వచ్చేదాన్ని.