తెలుగు టీచర్ని చంపిన సెలవులు

నిన్న మా వీధిలో పోస్టర్లు అంటిస్తుంటే మైదా జిగురు వాసన వచ్చింది. నా పాత పగ లేచి కూర్చుంది.

తిరువూరులో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు అందరి కథలూ ఆఫీసు గది గోడకి అంటించి, నా కథని మాత్రం తెలుగు టీచర్ భోజనాల వరండాలో అంటించారు.

"అక్కడెందుకు టీచర్?"

"అక్కడే ఉండనివ్వవే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వేసవి సెలవుల్లో కూర్చుని ఇంకో కథ రాశాను. అందులో ఆవిణ్ణి గంపలగూడెం షేర్ ఆటోలోంచి పడేసి, పాముతో కూడా కరిపించి చంపేశాను. స్కూలు తెరవగానే తీసుకెళ్ళి చేతికిచ్చాను.

ఆవిడ నిలబడే చదివేశారు. "ఆటో తీసెయ్, పాము చాలు" అని, దాన్నీ ఆ వరండాలోనే అంటించారు.

మధ్యాహ్నం కంచాలతో లైన్లో నిలబడ్డ స్కూలంతా నా కథే చదువుతోంది. ఆఫీసు గది వైపు ఒక్కరూ లేరు.

ఆ ముక్క ముందే చెప్పుంటే ఆవిడ బతికిపోయేవారు.