వీడియో చూడకుండానే 'ఫేక్ న్యూస్' అన్నాను

రెండేళ్ల కిందటి సంగతి. రాజోలు దగ్గర మా ఊరి వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. ఒకరోజు ఉదయం మా వీధి సత్యవతి అందులో తన భర్త గల్ఫ్ నుంచి పంపిన వీడియో పెట్టింది. అతన్ని అక్కడికి పంపిన ఏజెంటు మా బావమరిదే. వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"బావగారూ, అది ఫేక్ న్యూసండీ. ముందు తీసేయండి."

నేను వీడియో తెరవను కూడా లేదు. దాన్ని తీసేసి, 'ఫేక్ న్యూస్ పెట్టేవాళ్లకి ఇక్కడ చోటు లేదు' అని రాసి, ఆమెను గ్రూపులోంచి తొలగించాను.

గంటలో సత్యవతి మా గుమ్మంలో నిలబడింది. వీడియో కాల్‌లో ఉన్న భర్తను నా మొహం ముందు పెట్టింది.

"ఫేకన్నారు కదండీ. ఈయన్నే అడగండి, ఫేకో కాదో!"

సగానికి సగం చిక్కిపోయిన సూరిబాబు నన్ను గుర్తుపట్టి, "బాగున్నారాండీ? పాస్‌పోర్టులు లాగేసుకున్నారండీ. పదిమందిమి ఒకే గదిలో పడున్నామండీ" అన్నాడు.

బావమరిదిని నిలదీశాను.

"నిజమేనండీ. అందుకేగా నేను ఫేకన్నది! వచ్చేవారం ఇంకో నలుగురు వెళ్లాలి" అన్నాడు తాపీగా.

సత్యవతిని మళ్లీ గ్రూపులో చేర్చి, ఆ వీడియోతోపాటు నేనూ మా బావమరిదీ చేసిన నిర్వాకం కూడా రాశాను. ఆ నలుగురూ ప్రయాణం మానుకున్నారు. ఎంబసీకి అర్జీలు పెట్టగా పెట్టగా, మూడు నెలలకు సూరిబాబు ఇల్లు చేరాడు.

బావమరిదిని ఇప్పటికీ నా గడప తొక్కనివ్వను. సత్యవతి నాతో మాట్లాడదు. ఆమెను అబద్ధాలకోరుగా నిలబెట్టడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమె ఎందుకు మాట్లాడాలి?