యూపీఎస్ ఒప్పుకోని కరెంటు

డయాలసిస్ యంత్రం ఆగిపోయినప్పుడు సుబ్బులు తండ్రి కొండయ్య పక్కనే కూర్చుని ఉంది. ఆ ఎండాకాలం మార్కాపురంలో పగటిపూట కరెంటు పోవడం మామూలైపోయింది. పోగానే డయాలసిస్ సెంటర్ వెనక జనరేటర్ మొదలయ్యేది. ఆ రోజూ మొదలైంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. కొండయ్య పక్కనున్న యంత్రం మాత్రం కాసేపు మోగి ఆగిపోయింది. గొట్టాల్లో రక్తం ఎక్కడిదక్కడ నిలిచింది.

టెక్నీషియన్ ఆశీర్వాదం పరుగున వచ్చి, పంపుకు పిడి తగిలించి చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏం కాదులే పెద్దాయనా. బయటున్న రక్తం లోపలికి పంపిస్తా. కదలొద్దు."

"నేనేడికి పోతా నాయనా," అన్నాడు కొండయ్య. అతని పెదవులు తెల్లబడి ఉన్నాయి.

సుబ్బులు వెనక గదిలోకి వెళ్లి చూసింది. యంత్రాలకు కరెంటిచ్చే యూపీఎస్ జనరేటర్ కరెంటు తీసుకోబోయి, కాదని వదిలేసి, బ్యాటరీల మీదికి మారుతోంది. అలా మారీ మారీ బ్యాటరీలు ఖాళీ అయిపోయాయి. అలా ఎందుకు జరుగుతోందో ఆమెకు నిలబడిన చోటే తెలిసిపోయింది. ఆమె పీహెచ్‌డీ దాని మీదే.

తర్లుపాడు పక్క పల్లెలో ఉంటూ, పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి కూతుర్ని చదివించినవాడు కొండయ్య. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయనమ్మ పేరు పెట్టిన సుబ్బులు, అసలు పేరు వెంకటసుబ్బులమ్మ, ఇప్పుడు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతోంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ మీద పరిశోధన చేస్తోంది. ప్రతి యూపీఎస్ లోపలా ఒక రెక్టిఫైయర్ ఉంటుంది. పాత రకంది కరెంటును నున్నటి అలలా తీసుకోదు, ముక్కలు ముక్కలుగా లాగుతుంది. ఆ వంకరలనే హార్మోనిక్స్ అంటారు. ఊళ్లోకొచ్చే పెద్ద లైను వాటిని తట్టుకుంటుంది. చిన్న జనరేటర్ తట్టుకోలేదు, దాని వోల్టేజీ వంకరపోతుంది. అప్పుడు యూపీఎస్ తాను పాడుచేసిన కరెంటును తానే వద్దంటుంది.

సుబ్బులు పద్ధతిలో రెక్టిఫైయర్ను నడిపే కంట్రోలర్ ముందుచూపుతో పనిచేస్తుంది. ఏ స్విచ్ వేస్తే మరుక్షణం కరెంటు ఎలా ఉంటుందో లెక్కగట్టి, అలకు దగ్గరగా వచ్చేదాన్ని ఎంచుకుంటుంది. మరుక్షణం మళ్లీ లెక్క. కంప్యూటర్లో అది చక్కగా నడిచింది.

పెద్ద జనరేటర్ కోసం పైవాళ్లను అడిగామని సెంటర్ మేనేజర్ అన్నాడు. అది ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయాడు. డయాలసిస్‌కు ఒంగోలు తీసుకెళ్తే ఒక్క ప్రయాణానికే కొండయ్య వడలిపోయాడు. ఇక తన రెక్టిఫైయర్‌నే యూపీఎస్‌లో పాతదాని బదులు పెట్టాలని సుబ్బులు నిశ్చయించుకుంది.

పెట్టె తయారుచేసి, తన పీహెచ్‌డీ గైడు సీతారామాంజనేయులు ఎదుటే, కాలేజీ జనరేటర్‌కు కలిపి చూసింది. మొదట అల నున్నగా వచ్చింది. లోడు పెంచగానే అల చెదిరింది, పెద్ద చప్పుడుతో స్విచ్‌లు కాలిపోయాయి. లెక్కలో ఆమె అనుకున్న లైను వేరు, ఎదురుగా ఉన్న జనరేటర్ వేరు. ముందుచూపంతా తప్పుచూపైంది.

"మారుస్తాను సార్. సెంటర్లో పెట్టుకోనిమ్మని మీరొక మాట చెప్పండి."

"ఇది అక్కడ పేలి ఉంటే ఏమయ్యేదమ్మా?"

"ఇప్పుడు మాత్రం ఏం నడుస్తాంది సార్? చేత్తో తిప్పుతాండారు."

"తిప్పేవాడు అలిసిపోతే ఇంకొకరు తిప్పుతారు. నీ పెట్టెకు నిప్పంటుకుంటే, సూదులతో పడుకున్నవాళ్లు లేచి పరిగెత్తలేరు. నేను చెప్పను."

ఆయన మాట నిజమని ఆమెకు తెలుసు. అయినా ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయింది. వర్క్‌షాప్ మెట్ల మీద కూర్చుని, కాలేజీ పిల్లలు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

ఎదురుగా ఉన్న లైను ఎలాంటిదో కంట్రోలరే కనిపెట్టుకుంటూ పోయేలా మళ్లీ రాయసాగింది. ఈలోగా కొండయ్యకు డయాలసిస్ సగంలోనే ఆగిపోతూ వచ్చింది. కాళ్లు వాచాయి. నాలుగు మాటలకే ఆయాసం.

"ఇంక పోవద్దులే సుబ్బులూ," అన్నాడు ఒకనాడు.

"ఏంది నాయనా ఆ మాట?"

"ఇంత చదివినావు. నీకే దారి దొరకలేదంటే లేదనే గదా."

"దొరుకుతాది. కొంచెం ఓర్చుకో నాయనా."

"నేను ఓర్చుకుంటా. నువ్వే అన్నం తినడం మానేసినావు."

రెండోసారి కాలేజీ జనరేటర్ మీద లోడు ఎంత పెంచినా అల చెదరలేదు. గైడు చాలాసేపు తెర వంక చూసి, ఆమె భుజం తట్టాడు. రోగుల గదిలో పెట్టాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు దాటాలని ఇద్దరికీ తెలుసు.

ఆ వారమే కొండయ్య ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఒంగోలు తీసుకెళ్తున్న అంబులెన్సులో, పొదిలి దాటాక, అతని ఊపిరి ఆగిపోయి, ఆమె చేతిలో ఉన్న చెయ్యి బరువెక్కింది. డ్రైవర్‌కు బండి ఆపమని చెప్పలేదు. ఒంగోలు దాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

వానలు మొదలయ్యాక ఆశీర్వాదం ఫోన్ చేశాడు.

"పెద్ద జనరేటర్ వచ్చినాదక్కా. నీకు చెప్పాలనిపించింది."

"మంచిదే తమ్ముడూ," అంది సుబ్బులు. "నాయన మంచం మీద ఇప్పుడెవరు?"

"గిద్దలూరు నుంచి ఒకామె వస్తాంది. చిన్న వయసే."

సుబ్బులు ఫోన్ పెట్టేసింది.

చాలా నెలలు ల్యాబు వైపు వెళ్లలేదు. గైడు ఇంటికొచ్చి, కాసేపు కూర్చుని వెళ్లేవాడు. చివరికి థీసిస్ ఇచ్చింది, డిగ్రీ వచ్చింది. అందులో తండ్రి కోసం చేసిన జనరేటర్ పరీక్షల అధ్యాయం మిగతావాటికన్నా చిన్నది. ఇంకా రాయమని ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు.