బ్రహ్మచారుల జట్టుకు క్వార్టర్‌బ్యాక్

ఆ రోజుల్లో ఎంత చిక్కు విషయమైనా పట్టిక గీస్తే తేలిపోతుందని నాకు గట్టి నమ్మకం. ఎనభైల మొదట్లో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఫోన్ ఎక్స్ఛేంజీలకు సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. ఏ పాత కారు కొనాలి, ఏ అపార్ట్‌మెంట్‌లో దిగాలి, ఏ దుకాణంలో బియ్యం మేలు అన్నవాటన్నింటికీ గ్రాఫ్ కాగితం మీద గీతలు గీసి, ఒక్కో గుణానికి ఇన్ని మార్కులని వేసి, కూడి, ఎక్కువ వచ్చినదానికి తల వంచేవాణ్ణి. (పెళ్లి సంబంధాలకూ ఒకటి గీశాను. అందులో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినావిడ నన్ను వద్దంది. ఆవిడ అభిప్రాయానికంటూ ఒక గడి ఉండాలన్న సంగతి నాకు తోచలేదు.) ఈ అలవాటు వల్ల స్నేహితులు నన్ను గ్రాఫ్ బాబు అని పిలిచేవారు. అది మెచ్చుకోలే అనుకునేవాణ్ణి.

మా ఊళ్లో ఉన్న కాసిని తెలుగు కుటుంబాలూ వేసవిలో ఒక పార్కులో పిక్నిక్ చేసుకునేవి. పులిహోర, పెరుగన్నం, బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఆ తర్వాత బ్రహ్మచారులకూ సంసారులకూ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. కోలగా ఉండే ఆ బంతి చేతిలో ఉన్నవాణ్ణి కింద పడెయ్యక్కర్లేదు, ముట్టుకుంటే చాలు. కబడ్డీ, ఉప్పెన్‌బెత్తాలు ఆడి పెరిగినవాళ్లం కనుక ముట్టుకోవడం వరకూ మాకు బాగానే వచ్చు. రానిదల్లా క్వార్టర్‌బ్యాక్ పని. వెనక నిలబడి బంతి అందుకుని, ఎవరు ఎటు పరిగెత్తాలో ఆజ్ఞలిచ్చి, వాళ్లలో ఒకరికి గాల్లోంచి చేరవేసేవాడే క్వార్టర్‌బ్యాక్. సంసారుల జట్టులో ఒకాయన బావమరిది ఇక్కడి కాలేజీలో ఈ ఆట ఆడినవాడు. అతని ధర్మమా అని వాళ్లు ఏటేటా మమ్మల్ని చితగ్గొట్టేవారు. చివరికి పెద్దలకే జాలి కలిగి, ఆ కుటుంబాల పిల్లల్లోంచి ఒక కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకునే హక్కు మాకు ఇచ్చారు. టీవీలో పెద్ద జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు అన్నట్టే మేమూ దాన్ని దర్జాగా ‘డ్రాఫ్ట్’ అనేవాళ్లం.

అర్హులు ఇద్దరు తేలారు. ఒకడు పళ్ల డాక్టరుగారి అబ్బాయి. హైస్కూల్ జట్టులో ఉన్నాడు, ఆట క్షుణ్ణంగా తెలుసు, తొణకడు. రెండోవాడు గుండె డాక్టరుగారి అబ్బాయి. పదహారేళ్లకే గుమ్మాలకు తల తగిలే పొడవు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనన్ని కాళ్లూ చేతులూ. స్కూల్లో పరుగు పందేలకు వెళ్లేవాడు తప్ప ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. ఒక సాయంత్రం ఇద్దర్నీ మా అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ స్థలానికి రప్పించాం. మా కెప్టెన్ (బ్రహ్మచారుల్లో అందరికన్నా పెద్ద, కాకినాడ మనిషి) దూరంగా చేతులు చాచి నిలబడ్డాడు. మొదటి కుర్రాడి బంతులన్నీ మంచం మీద పసిపాపను పడుకోబెట్టినంత పదిలంగా ఆయన గుండెల మీద వాలాయి. నేను మార్కులు వేసుకుంటూ పోయాను.

రెండోవాడి మొదటి బంతి కెప్టెన్‌నీ, ఆయన వెనకున్న కార్ల షెడ్డునీ దాటి కనబడకుండా పోయింది. రెండోది బట్టలుతుకు గది గోడకు కొట్టుకుంటే లోపల్నుంచి ఒక అమెరికన్ ఆవిడ తడిబట్టల బుట్టతో సహా పరుగెత్తుకొచ్చింది. మూడోదాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతసేపూ ఒకదానికొకటి చుట్టరికం లేనట్టున్న కాళ్లూ నడుమూ భుజమూ వేళ్లూ ఒక్క క్షణం ఒకే మాట మీదికి వచ్చాయి. బంతి వెళ్లింది. వణుకు లేదు, తడబాటు లేదు. తన చుట్టూ తాను తిరుగుతూ, ముక్కు ముందుకు పెట్టి, ఎవరో గీసి ఉంచిన గీత మీద నడిచినట్టు సాగిపోయింది. జైరోస్కోపు గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అది ఎగిరితే ఎలా ఉంటుందో ఆ సాయంత్రమే చూశాను. పెన్సిల్ ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

బంతులు వెతికి తెచ్చాక ఆ కుర్రాడు నా పక్కకు వచ్చి, నేలచూపులు చూస్తూ అన్నాడు: “అంకుల్, నన్ను పిక్ చేస్తారా? స్కూల్ టీమ్‌కి ట్రై చెయ్యాలి నేను. డాడీ పర్మిషన్ ఫారమ్ సైన్ చెయ్యను అన్నాడు. పిక్నిక్‌లో చూస్తాడంట. గుడ్ అయితేనే సైన్.”

(నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. అంకుల్ అనిపించుకోవడం అదే మొదలు. ఆ సంగతి మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది.)

ఆ రాత్రి భోజనాల దగ్గర కెప్టెన్‌కీ, కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కీ వాదన మొదలైంది.

“విసురుతున్నాడయ్యా, కాదన్ను. ఎవరికి విసురుతున్నాడో ఆడికే తెలీదు,” అన్నాడు కెప్టెన్.

“గురి నేర్పిస్తె అస్తదన్నా. గంత బలం యాడికెల్లి తెస్తవ్?”

“నేర్పేదెవడు, నువ్వా? బంతి ఏ కొన పట్టుకోవాలో నీకే తెలీదు.”

“దానికి రెండు దిక్కులా కొననే ఉన్నది గదనే! ఏది పట్టుకుంటె ఏంది?”

కెప్టెన్ చేతిలో ముద్ద పట్టుకునే నా వైపు తిరిగాడు. “ఏం గ్రాఫ్ బాబూ, నీ కాగితం ఏమంటోంది?”

కాగితానికి ఏ సందేహమూ లేదు. గురి, అనుభవం, ఆటజ్ఞానం, నిబ్బరం, అన్నింటా పళ్ల డాక్టరుగారి అబ్బాయే. రెండోవాడికి ‘బలం’ గడిలో తప్ప చెప్పుకోదగ్గ మార్కులు లేవు. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కంచం కింద దోపాను.

“గుండె డాక్టరుగారి అబ్బాయి,” అన్నాను.

“అదేంటయ్యా! నీ లెక్క ప్రకారమే...”

“లెక్క ప్రకారం మొదటివాడేనండీ. కానీ నాకా మూడో బంతి మళ్లీ చూడాలనుంది.”

నా అంతటివాడు లెక్క వదిలేశాడంటే ఏదో ఉందనుకున్నారో, లేక నాకు జ్వరం వచ్చిందనుకున్నారో గానీ, ఇద్దరూ ఒప్పుకున్నారు.

పిక్నిక్ నాడు ఎండ పెనంలా ఉంది. గుండె డాక్టరుగారు మడత కుర్చీ వేసుకుని మైదానం అంచునే కూర్చున్నారు. “మొదట వయొలిన్ అన్నాడు. ఆ తర్వాత కరాటే అన్నాడు. ఇప్పుడిది,” అన్నారు నాతో. “చూద్దామండీ. బాగా ఆడితే సంతకం పెడతాను. లేకపోతే సెలవులన్నీ కెమిస్ట్రీ.”

ఆట మొదలైంది. మా కుర్రాడు బంతి పట్టుకుని, రోగిని పలకరిస్తున్నంత మెల్లగా, “అంకుల్... రైట్ వెళ్తారా, ప్లీజ్?” అన్నాడు. మా జట్టులో వాడికి అంకుల్ కానివాడు లేడు. అడిగింది పద్ధతి గల పిల్లవాడు. కాదంటే ఏం బాగుంటుంది? అందరం కుడివైపు పరిగెత్తాం. ఒకళ్ల మీద ఒకళ్లం పడ్డాం. మైదానంలో మిగతా భాగమంతా ఖాళీ అయిపోతే అక్కడున్న సంసారి ఒకాయన తీరిగ్గా కోక్ సీసా తెరిచాడు. రెండోసారి “అంకుల్, లెఫ్ట్!” అన్నాడు. అందరం ఎడమకు వెళ్లాం.

“ఎవల్ని పిలుస్తున్నవ్ రా నాయనా?” అని అరిచాడు రూమ్మేట్ కిందనుంచి.

“మిమ్మల్నే అంకుల్!”

“అందరం అంకుళ్లమే గదరా!”

“పేరు పెట్టి పిలువు, ఏం కాదు,” అన్నాడు కెప్టెన్.

కుర్రాడు చాప మీద పులిహోర వడ్డిస్తున్న వాళ్లమ్మ వైపు భయంగా చూశాడు. “నో అంకుల్. మమ్మీ విల్ కిల్ మీ.”

అక్కడితో ఆగితే బాగుండేది. కంగారులో విసిరిన బంతి ఒకటి మొక్కజొన్న పొత్తుల బొగ్గుల్లో పడింది. ఇంకొకటి పెరుగన్నం గిన్నెను రాసుకుంటూ పోయింది. గుండె డాక్టరుగారు కుర్చీ పక్కన పెట్టుకున్న పేపరు తీసి విప్పారు. కుర్రాడు అది చూశాడు. వాడి భుజాలు అంతెత్తునుంచి జారిపోవడం నేనూ చూశాను. డ్రాఫ్ట్ చేసిందేమో నా మాట మీద.

విరామంలో నాకు తోచిన ఉపాయం అంకెలు. పెద్దలను పేరు పెట్టి పిలవకూడదు గానీ అంకుల్‌కు అంకె తగిలిస్తే మర్యాదకు లోటు లేదు కదా. పొడుగును బట్టి అంకెలు పంచాను. కెప్టెన్‌కు నాలుగు వచ్చింది. “అందరికన్నా ముందు ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. నాకు ఫోరేంటయ్యా?” అని ఆయన కూర్చుండిపోయాడు. సరే, దేశానికి వచ్చిన వరసలో ఇద్దామన్నాను. అప్పుడింకొకాయన లేచి, వచ్చిన లెక్క చెల్లదు, గ్రీన్ కార్డు లెక్క చూడాలి, అలాగైతే తానే వన్ అన్నాడు. ఈ తగువు తీరేసరికి విరామం కాస్తా అయిపోయింది. చివరికి కెప్టెన్ వన్, రూమ్మేట్ టూ, నేను త్రీ.

ఆ తర్వాత జరిగింది మాకే నమ్మశక్యం కాలేదు. ఎవరిని పిలవాలో తెలిశాక వాడికి గొంతు వచ్చింది. “అంకుల్ టూ, షార్ట్! అంకుల్ వన్, వెయిట్ అండీ! అంకుల్ ఫోర్, మీరు కాదండీ!” బంతులు మనుషుల దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. కెప్టెన్ ఒకటి పట్టుకుని, పట్టుకున్నానని నమ్మలేక, గీత దాటాక కూడా పరిగెడుతూ పార్కింగ్ దాకా పోయాడు. ఆఖరి వంతు వచ్చేసరికి ఇంకొక్కసారి బంతి ఆఖరి గీత దాటితే గెలుపు మాదే. డాక్టరుగారి పేపరు మాత్రం ఇంకా విప్పే ఉంది.

“అంకుల్ త్రీ, లాంగ్ వెళ్లండి,” అన్నాడు కుర్రాడు.

వెళ్లాను. నన్ను కాపలా కాయడం దండగని సంసారులు ముందే తేల్చుకున్నారు కనుక నా వెంట ఎవరూ రాలేదు. ఆఖరి గీత దగ్గర వెనక్కి తిరిగేసరికి ఇద్దరు పెద్దమనుషులు వాణ్ణి ముట్టుకోవడానికి చెయ్యి చాస్తున్నారు. వాడు వాళ్ల మధ్యలోంచి గడ్డిపోచలా వంగి, ఒక కాలు గాల్లో ఉండగానే విసిరాడు. పులిహోర గరిటెలు ఆగిపోయాయి. బంతి చెట్ల తలలు దాటి పైకి లేచి, ఎక్కడో ఒక చోట ఇక చాలనుకున్నట్టు నిదానించి, ముక్కు వంచి దిగడం మొదలుపెట్టింది. దాని కుట్లు కనబడటం లేదు. అంత వేగంగా తిరుగుతోంది, అయినా కదలనట్టే ఉంది. అంత పెద్ద ఆకాశంలో వెతుక్కుని నా దగ్గరికే వస్తోంది. ఇంత అందమైన వస్తువు నా కోసమని బయలుదేరి రావడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. అది సరిగ్గా నా గుండెల మీద వాలి, నా చేతులు పక్కనే వేలాడుతుండగా, గడ్డిలోకి జారిపోయింది.

“పట్టుకోవాలన్నా! చూసుడు గాదు!” రూమ్మేట్ కేక పార్కు ఆ చివరి దాకా వినిపించి ఉంటుంది. తక్కినవాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పుడు గుండె డాక్టరుగారు మైదానం మీదుగా నడిచి వచ్చారు. ఆయన పేపరు కుర్చీ దగ్గర గాలికి ఎగురుతోంది, పట్టించుకోలేదు. కుర్రాడు బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ముందు నా దగ్గరే ఆగారు.

“ఎందుకు పట్టుకోలేదండీ?”

“చూస్తూ ఉండిపోయానండీ.”

ఆయన బంతి వచ్చిన దారి ఇంకా అక్కడే ఉన్నట్టు పైకి చూశారు. “నేనూ అంతే,” అన్నారు. గడ్డిలోంచి బంతి తీసి, రెండు చేతుల్లో తిప్పి చూసి, కొడుక్కి ఇచ్చారు.

“ప్రాక్టీస్ ఎన్నింటికిరా?”

“మార్నింగ్ సిక్స్, డాడీ.”

“ఆరింటికి నిన్నెవరు దింపుతారు?”

“మమ్మీ?”

“మమ్మీకి దారి తెలీదు. నేను దింపుతాలే.”

ఆ కుర్రాడు స్కూల్ జట్టులో మొదట ఆడే వంతు రాక బల్ల మీద కూర్చున్నాడు, తర్వాత ఆడాడు, కొన్ని గెలిచాడు, చాలా ఓడాడు. నన్ను చూసినప్పుడల్లా ఎంతమందిలో ఉన్నా “హాయ్ అంకుల్ త్రీ” అనేవాడు. మా జట్టు మాత్రం ఆ తర్వాత నన్ను మైదానంలోకి అడుగు పెట్టనివ్వలేదు. నీడలో కూర్చోబెట్టి స్కోరు రాసే పని అప్పగించారు. ఆ కొలువుకు కావలసిన అర్హతల్లా కన్నార్పకుండా చూడటం. ఆ ఇరవై ఆరేళ్లవాడికి ఇంకేం చేతకాకపోయినా, ఆ ఒక్కటీ బాగా వచ్చని అప్పటికే ఊరంతా చూసింది.