గంటలో కుక్కిన గుడ్డ

"చెవి యాడప్పా?"

"తేలేకపోతి పెద్దమ్మా. గొర్రె రెండు రాతిగుండ్ల నడుమ పడిపోయ. ఆ మంటల్లో కిందికి దిగేకి కాలేదు."

"గొర్రె సచ్చిందంటే చెవి కోసుకొచ్చి చూపించల్ల. మీ నాయన మేపినప్పుడూ అదే పద్ధతి. చెవి లేదంటే అమ్ముకున్నావనే."

"అమ్ముకోనుంటే నీ ముందరికొచ్చి నిలబడుదునా?"

"కంబళి యాడ మరి? అదీ అమ్ముకోని తాగినావా?"

ఆయన కర్ర చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. టీకొట్టు ముందర కూర్చున్నవాళ్లంతా విన్నారు. వాళ్లు వినాలనే నేను గొంతు పెంచాను.

ఆయన మా గొర్రెలు మేపే మనిషి. ఆయనకు ముందు ఆయన నాయన మేపాడు. ఈ గొడవకు నాలుగు రోజుల ముందు మా కొండ అంటుకుంది. ఎవరి బీడీ వల్లనో, ఎండకే రాజుకుందో తెలియదు. మంద కిందికి దిగింది గానీ, ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రె ఒకటి రాలేదు. పోనీలేమ్మా అన్నాడు నా కొడుకు. నా ఇంట్లో చింతపిక్కలు కూడా ఊరికే పోవు, గొర్రె ఎట్లా పోతుందన్నాను.

మరునాడు పొద్దున్నే మనవరాలు పారేసిన స్కూలు బ్యాగు వీపుకు తగిలించుకున్నాను. అందులో గుడ్డలో కట్టిన రాగి ముద్ద, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, నీళ్ల సీసాలు. తోడొస్తానన్నాడు కొడుకు. ఒకరి పని చెడితే చాలు, ఇద్దరిదెందుకని వద్దన్నాను. కొండమీద ఎముకలు కనిపించకపోతే దొంగతనం రుజువైనట్టే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కనిపించకూడదనే కొండెక్కాను.

ఇల్లు కప్పే బోదగడ్డి కోయడానికి పెళ్లయినప్పటి నుంచీ ఎక్కిన కొండ అది. అయినా దారి తప్పాను. నాకు దారంటే ఫలానా సీతాఫలం చెట్టు, ఫలానా కలేకాయల పొద. అవన్నీ కాలిపోయాక ఏ గుండు చూసినా ఒకటిగానే ఉంది. అడుగు వేస్తే బూడిద ముక్కులోకి లేచింది. ఒక్క పిట్ట కూత లేదు. ఒకచోట తాబేలు డిప్ప తిరగబడి ఉంది, లోపల ఏమీ లేదు. మధ్యాహ్నం ఒక గుండు నీడన కూర్చుని ముద్ద తింటే పళ్ల కింద బూడిద కరకరలాడింది. ఇంత పెద్ద కొండమీద ఒక్కదాన్నే ఉన్నాననే భయం అప్పుడు వేసింది. దిగిపోదామని లేచాను.

దిగుతుంటే వాసన తగిలింది. రెండు గుండ్ల మధ్య లోతుగా ఉన్న సందులోకి తొంగి చూశాను. గొర్రె అక్కడే ఉంది. తల బొగ్గయిపోయింది. చెవులుండాల్సిన చోట ఏమీ లేదు. దాని వీపు మీద ఆయన కంబళి, అంచులు కాలి, ఒంటికి అతుక్కుపోయి ఉంది. పైనుంచి విసిరితే అట్లా పడదు. మనిషి సగం దాకా దిగి కప్పాలి. మెడలో మా గంటే. పట్టీ కొనడం దండగని బోరు మోటారు వైరుతో నేనే కట్టాను. రాగి తీగ మాత్రం మిగిలింది.

సిగ్గు వెంటనే రాలేదు. ముందు ఇత్తడి గంట ఖరీదు గుర్తొచ్చింది. కూర్చుని జారుకుంటూ దిగి, గంట విప్పి బ్యాగులో వేసుకున్నాను.

అడుగు వేసినప్పుడల్లా వీపు మీద గంట మోగింది. కొండంతా నిశ్శబ్దంగా ఉండడంతో మరీ గట్టిగా వినిపించింది. ఊరు కనిపించగానే ఆగాను. ఈ మోతతో టీకొట్టు ముందర నడిస్తే, గొర్రె కొండమీదే కాలిందనీ, నేను అన్నదంతా అబద్ధమనీ అందరికీ తెలిసిపోతుంది. బ్యాగు దించి, ముద్ద కట్టుకుపోయిన గుడ్డను గంటలోకి కుక్కాను. నోరు మూసేదాకా కుక్కాను. ఆయన్ను దొంగ అన్నప్పుడు కోపంలో అన్నాను. గుడ్డ కుక్కినప్పుడు నాకు ఏ కోపమూ లేదు.

ఇంటికి చేరేసరికి ఆయన గొర్రెల్ని దొడ్డిలోకి తోలుతున్నాడు. అంత మాటపడ్డా ఆ రోజూ మేపుకొచ్చాడు. బూడిద పట్టిన నా కాళ్లు చూశాడు.

"దొరికిందా పెద్దమ్మా?"

"దారి తెలీలేదప్పా" అన్నాను.

"పిలిచింటే నేనొచ్చి చూపించేవాన్ని గదా" అన్నాడు. దొడ్డి తడిక మూసి, తాడు ముడి వేసి, రేపట్నుంచి వేరే వాళ్లను చూసుకోమన్నాడు. సరే అన్నాను.

మరునాడు పొద్దున ఆయన రాలేదు. కుందుర్పి వైపు ఎవరి మందతోనో పోయాడని కొడుకు తెలుసుకొని వచ్చాడు. తడిక తీసి గొర్రెల్ని నేనే తోలాను. టీకొట్టు దగ్గర నిలబడి, గొర్రె కొండమీదే కాలిపోయిందనీ, నా కళ్లతో చూశాననీ, ఆయప్ప తప్పేమీ లేదనీ అక్కడున్నవాళ్లకు చెప్పాను.

"సరేలే అవ్వా" అన్నాడొకడు, టీ గ్లాసు మీంచి తల ఎత్తకుండా.

ఇంకా ఏదో చెప్పబోయాను. ఈలోగా గొర్రెలు పక్కవాళ్ల మల్బరీ తోటలో పడ్డాయి. వాటిని తోలడానికి పరిగెత్తాను.