కొమ్మకు అటూ ఇటూ

మాది పార్వతీపురం పక్కన పల్లెటూరు. నర్సుగా మొదటి పోస్టింగు గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో పడింది. వెళ్లిన కొత్తలో నన్ను చూడగానే ఆడవాళ్లు మాటలాపేసేవారు. వాళ్ల కువి భాష నాకు రాదు. నవ్వితే నన్ను చూసే అనుకునేదాన్ని. నవ్వకపోతే కోపమొచ్చిందేమోనని బెంగ.

ఆ రోజు ఒక గర్భిణిని చూడాలి. నెలలు నిండాయి, కిందటిసారి బీపీ కాస్త ఎక్కువుంది. కొండెక్కి వెళ్లేసరికి ఊరి మొదట్లో దారికడ్డంగా పచ్చి కొమ్మలు కట్టున్నాయి. అవతల ఇద్దరు మగవాళ్లు చేతులూపుతూ గట్టిగా ఏదో అరిచారు. నేను టీకా వేసిన బిడ్డకేమైనా అయిందా? తిరిగి వెళ్లిపోదామనిపించింది. వెళ్లిపోతే ఆ గర్భిణి సంగతి?

"ఏటయింది? నేను నర్సమ్మని!" అని కేకేశాను.

కేక విని గర్భిణి అత్త వచ్చింది. కింద సంతకు వెళ్లొచ్చే మనిషి, తెలుగొచ్చు.

"కొమ్మ దాటకమ్మా. ఊరి పండగ. అయిందాకా బయటోళ్లు రాకూడదు. ఊరోళ్లయినా బయటికెల్తే మల్లీ రాకూడదు."

"నా మీద కోపం కాదు కదా?"

"నీ మీద కోపమేటి! నీకెవులూ సెప్పలేదా?"

కోడల్ని అక్కడికే తీసుకురమ్మన్నాను. ఆ పిల్ల వచ్చి కొమ్మ మీదుగా చెయ్యి చాపింది. బీపీ బాగా పెరిగింది. కాళ్లు వాచాయి, తల పగిలిపోతోందట.

"ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆగితే ఫిట్స్ వస్తాయి. ఇద్దరికీ ప్రమాదం."

అత్త ఆ మాట పెద్దలకు చెప్పింది. వాళ్లలో వాళ్లు గొంతులు పెంచుకున్నారు. ఒక్క ముక్కా అర్థంకాక బిక్కచచ్చి నిలబడ్డాను.

"ఏటంటన్నారు?"

"ఎల్లమంటన్నారు. నా మొగుడే పూజారి, నాను కదలకూడదు. కొడుకు దూరం పనికెల్లిపోనాడు. ఒక్కర్తీ ఎలాగుంటాది? మీ మాట రాదు. మీవోళ్లంటే దానికి బయం."

"నేనుంటాను. నువ్వొచ్చేదాకా వదలను. నొప్పి, నీళ్లు, భయపడకు. ఈ మూడూ మీ మాటలో ఎలా అనాలో చెప్పు."

చెప్పింది. నేను తిరిగి పలికాను. నా చేత మళ్లీ మళ్లీ పలికించింది. ఇందాక నా మీద అరిచిన ఇద్దరే పండగ వదులుకుని బయటికొచ్చి, ఆమెను డోలీలో కింద రోడ్డుదాకా మోశారు. అంబులెన్సులో దారంతా ఫిట్స్ వస్తాయేమోనని ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను.

పార్వతీపురం ఆస్పత్రిలో ఆమె నా చీర కొంగు వదల్లేదు. "నొప్పుందా అంటే పలకదేటీ గుంట?" అని అక్కడి నర్సొకామె విసుక్కుంది.

"ఈమెకు మీ మాట తెలీదండీ. నన్నడగండి," అన్నాను.

సెలైన్ పెట్టేముందు సీసా చూపించి, వాళ్ల మాటలో నీళ్లన్నాను. భయపడకు అని కూడా అన్నాను. ఎలా పలికానో గానీ, అంత భయంలోనూ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు మొదటిసారి నాకు బెంగ కలగలేదు.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కాసేపు ఏడుపు వినపడలేదు. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. ఆఖరికి ఏడ్చింది. ఆడపిల్ల. తల్లికి బీపీ దిగేదాకా మళ్లీ అదే దిగులు.

పండగైపోగానే అత్త వచ్చింది. మనవరాలిని ఒళ్లో వేసుకుని, నా వైపు చూస్తూ కోడలితో ఏదో అంది. ఇదివరకైతే తలదించుకుని పక్కకెళ్లిపోయేదాన్ని.

"నన్నేనా? ఏటంటన్నావు?" అనడిగేశాను.

"నర్సమ్మ అన్నం తిన్నాదా అనడుగుతున్నాను."